మేనమామ సంతకం

బ్లాంటైర్
1997 అక్టోబరు 14

మామయ్యా,

నేను బాగున్నాను. మీరూ బాగున్నారని తెలిస్తేనే ఆ మాట పూర్తవుతుంది. మోకాలి నొప్పి ఎలా ఉంది? చేపల లారీ డ్రైవరు చేతికిచ్చి పంపిన మందు మీరే రాసుకుంటున్నారా, పోయినసారిలా కుంటి మేకకు రాసేశారా? అత్తయ్య నాకన్నీ చెప్పింది.

మామయ్యా, మా పని మంజూరైంది! రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగిన పని. ఉత్తరం చదివి ల్యాబులో అందరం గంతులేశాం. ఫ్రీజరు దింపడానికి వచ్చిన మనిషి మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఇన్నాళ్ళూ మన దేశంలో ఏ పరిశోధన జరిగినా పేరు బయటివాళ్ళది, చాకిరీ మనది. మన పిల్లల రక్తం తీసి, ఐసుపెట్టెల్లో సర్ది, విమానం ఎక్కించేవాళ్ళం. దాంట్లో ఏం కనబడిందో మనకు చెప్పే నాథుడు లేడు. ఈసారి పరిశోధనకు పెద్దను నేనే. రక్తం చూసేది ఇక్కడే, కాలేజీ వెనక పాత దుప్పట్లు ఉతికే గదిని బాగుచేసి పెట్టుకున్న మా ల్యాబులో. చూసే ఆరుగురూ మన దేశం పిల్లలే. వానాకాలంలో నెలకొక మాత్ర వేస్తే ఐదేళ్ళలోపు పిల్లలకు మలేరియా తగ్గుతుందా లేదా అన్నది మేం తేల్చాలి.

దీనికొక షరతు ఉంది. ఫిబ్రవరి ఆఖరుకల్లా రెండువందల మంది పిల్లలు చేరాలి. చేరకపోతే డబ్బిచ్చే బయటివాళ్ళు మైక్రోస్కోపులతో సహా అన్నీ మూటగట్టి పక్కదేశానికి పట్టుకుపోతారు. “అక్కడివాళ్ళకు ఇలాంటివి అలవాటు” అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. అలా జరిగితే మా ఆరుగురూ ఇళ్ళకు పోవాలి, రక్తం మళ్ళీ విమానం ఎక్కాలి.

సరస్సు ఒడ్డున ఆరు ఊళ్ళు ఎంచారు. మన చిపెండ అందులో ఒకటి. ఎంచింది నేను కాదు, మన దోమలు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు నాకొక మాటివ్వాలి. పరిశోధన చేసేవాళ్ళ బంధువులు ఎవరి మీదా ఒత్తిడి తేకూడదని ఎథిక్స్ కమిటీ గట్టిగా చెప్పింది. మీరు ఊళ్ళో పెద్ద. మీరొక్క మాటంటే అందరూ బారులు తీరతారు. రేపెవరైనా “దాని మేనమామ బలవంతం చేశాడు” అన్నారంటే నా పని మట్టిగొట్టుకుపోతుంది. అందుకని ఎవరేమడిగినా ఔననీ అనకండి, కాదనీ అనకండి. మాతో పనిచేసే గ్రేసియన్ వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడి సంతకాలు తీసుకుంటాడు. మీరు హాయిగా అరుగు మీద కూర్చోండి.

ఫలెసిని, లోనెసిని అడిగినట్టు చెప్పండి. నా చెల్లెలు నాకు ఉత్తరం రాసి ఏడాదైంది. పిల్లకు మాటలొచ్చాయా?

మీ చెల్లెలి పెద్దకూతురు,
ఎసినతి


చిపెండ
నవంబరు 2

ఎసినతీ,

మేక కాలు బాగైంది. నా మోకాలు అలాగే ఉంది. మందు పనిచేస్తుందని తేలింది కదా, ఇంకో సీసా పంపు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆ రోజు ఎండుచేపల పులుసుతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మిషన్ ఆసుపత్రిలో నేను చేసిన పదహారేళ్ళలో ఆ ఐసుపెట్టెల్ని లారీకెక్కించింది ఈ చేతులే. మన పిల్ల ఈ దేశంలోనే కూర్చుని ఆ రక్తం చూస్తుందని అప్పుడెవరైనా అనుంటే వాడికి జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసేవాడిని. మీ అమ్మ ఉండి ఉంటే ఊరందరికీ తోబ్వా జావ కాచి పోసేది.

నువ్వన్నట్టే నోరు మెదపను. ఆ మాట చెబితే మీ అత్తయ్య పడీ పడీ నవ్వింది. “ఈయనా? మాట్లాడకుండానా? సరస్సు ఎండిపోయిన రోజు చూద్దాంలే” అంది. చూస్తుందిగా.

లోనెసికి మాటలు వచ్చాయి. అన్నీ తిట్లే. ఎక్కడ నేర్చిందో నన్నడక్కు.

ఒక్కటి మాత్రం తెలుసుకుందామని. మీ కాగితం మీద సంతకం ఎవరిది తీసుకుంటారు?

సలతియేల్ మామయ్య


బ్లాంటైర్
నవంబరు 20

మామయ్యా,

క్షమించండి, నాలుగు ముక్కలే రాస్తున్నాను. కరెంటు పోతే ఫ్రీజరును కాపాడే జనరేటరు మొరాయించింది. మెకానిక్కు కోసం రెండు రోజులుగా దాని పక్కనే కాపలా కూర్చున్నాను. మా ఆయన అన్నం డబ్బా తెచ్చి ఇక్కడే ఇచ్చి బడికి పోతున్నాడు. “నీకంటే ఆ జనరేటరుకే కాపరం బాగా కుదిరింది” అంటాడు.

మీరడిగిన దానికి జవాబు. కాగితంలో రెండు గీతలుంటాయి. మొదటిది తండ్రికి, రెండోది తల్లికి. తండ్రి సంతకం చాలు, ఆయన లేకుంటే తల్లిది. అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి. అయినా మీరేమీ పట్టించుకోవద్దని చెప్పానుగా, అప్పుడే ఆరాలు మొదలుపెట్టారా?

మోకాలి మందు రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి మీకు, ఒకటి మేకకు.

ఎసినతి


చిపెండ
డిసెంబరు 9

ఎసినతికి,

మందు అందింది.

వానలు మొదలయ్యాయి. మొక్కజొన్న మొలకెత్తింది. ఎనోకు పడవకు చిల్లు పడింది.

మీ గ్రేసియన్ కారులో వచ్చాడు. మర్యాద తెలిసినవాడే. మామిడిచెట్టు కింద అందర్నీ కూర్చోబెట్టి కాగితం చదివాడు. నలభై మంది తండ్రులు సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. ఫలెసి మొగుడు జైలోసి అందరికంటే ముందు లేచాడు. నేను అరుగు మీద కూర్చునే ఉన్నాను, నువ్వు చెప్పినట్టే. అతను వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

మీ అత్తయ్య బాగుంది.

సలతియేల్ కపలముల


బ్లాంటైర్
1998 జనవరి 19

మామయ్యా,

ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను, తర్వాత చింపేస్తానేమోనని ఇప్పుడే కవరులో పెట్టేస్తాను.

నలభై సంతకాలు పెట్టిన ఊళ్ళో రక్తం ఇచ్చే రోజున తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. మిగతా ఊళ్ళదీ ఇదే వరస. ఆరు ఊళ్ళూ కలిపితే యాభై ఏడుగురు. గ్రేసియన్ మన ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాడు. ఆడవాళ్ళు నవ్వుతూ పలకరించారట, కూర్చోమని పీట వేశారట, వేరుశెనగలు కూడా పెట్టారట. పిల్లను తీసుకురామంటే మాత్రం “చూద్దాంలే” అన్నారట. అని ప్రతి ఒక్కరూ మీ అరుగు వైపు చూశారట!

మీరేమన్నారని అడిగితే ఒకావిడ చెప్పింది: “పెద్దాయన్ని అడిగితే మొహం తిప్పుకున్నారు. ఆయనకిష్టం లేదు.”

మామయ్యా, ఇక దాచను. రాత్రిళ్ళు మనుషుల రక్తం పీల్చుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని పోయిన ఏడు సరస్సు ఒడ్డంతా పుకారు లేచింది కదా. ఆ మాట మీ చెవిలోనూ ఎవరో ఊదారా? ఆసుపత్రిలో పనిచేసిన మనిషి, నన్ను డాక్టరు చదువుకు పంపడానికి పడవ అమ్మిన మనిషి! ఆఖరికి నా తోడబుట్టిన చెల్లెలే లోనెసిని తీసుకురాలేదు. గ్రేసియన్ ఆ మాట నాకు చెప్పలేక చెప్పాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి రెండున బయటినుంచి పరీక్షించడానికి ఒకావిడ వస్తోంది. లెక్క రెండువందలు లేకపోతే అదే రోజు తాళం. ల్యాబులో చిన్నది, తదాలా అని, ఇరవై రెండేళ్ళ పిల్ల, స్లైడు చూసిందంటే తప్పు పోదు. నిన్న నా దగ్గరికొచ్చి “అక్కా, నేను మళ్ళీ టైపు నేర్చుకోవాలా?” అంది. ఏం చెప్పను?

మాట్లాడొద్దన్నాను గానీ అడ్డుపడమని అన్నానా?

ఎసినతి


చిపెండ
జనవరి 30

ఎసినతీ,

నీ ఉత్తరం చింపకుండా పంపావు. మంచిదైంది. నేనూ ఇది చింపను.

రక్తం పీల్చేవాళ్ళా? పదహారేళ్ళు ఆసుపత్రి నేల మీద రక్తం తుడిచిన వాడికా నువ్వు ఆ మాట రాసేది? చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. మీ అత్తయ్య ఏమైందని అడిగితే కంట్లో నలక అన్నాను.

నన్ను మాట్లాడొద్దన్నావు. మాట్లాడలేదు. ఔననొద్దు, కాదనొద్దు అన్నావు. ఔననలేదు, కాదనలేదు. రక్తం తీసే రోజు పొద్దున్నే ఫలెసి పిల్లను చంకనెత్తుకుని వచ్చి అడిగింది. “మామయ్యా, తీసుకెళ్ళనా?”

“నన్నడక్కు తల్లీ. ఈ విషయంలో నా నోరు కట్టేశారు” అన్నాను.

“ఎవరు కట్టేశారు?”

“మీ అక్క.”

అది గుడ్లప్పగించి చూసింది. పిల్లను తీసుకుని ఇంటికి పోయింది. అది చూసి మిగతా వాళ్ళూ పోయారు. ఊళ్ళో ఏ మేనమామను అడిగినా ఇదే జవాబు. మమ్మల్ని అడగలేదు, మేం ఎలా చెబుతాం? ఇందులో నేను అడ్డుపడింది ఎక్కడ?

నువ్వు పెద్ద చదువులు చదివావు, ఇక చిన్న సంగతి నేను చెబుతాను. లోనెసి ఎవరి పిల్ల? జైలోసి పిల్లా? జైలోసి చాపా గొడ్డలీ పట్టుకుని మన ఊరికి వచ్చిన ఇల్లరికపు అల్లుడు. మంచివాడే, కాదనను. కానీ మన ఊళ్ళో ప్రతి తండ్రీ ఇల్లరికపు అల్లుడే. రేపు పిల్లకు ఏదన్నా అయితే అతను తన చాప చుట్టుకుని వాళ్ళమ్మ ఊరికి పోవచ్చు. ఊరి ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది ఆ తల్లి అన్నో తమ్ముడో. మీ అమ్మకు మగపిల్లలు లేరు, ఫలెసికి అన్నదమ్ములు లేరు, అందుకని లోనెసికి ఆ మనిషిని నేనే. నీకు టీకా వేయించాలన్నా, నిన్ను బడికి పంపాలన్నా ఎవరిని అడిగారు? మీ నాన్ననా? నీ పెళ్ళికి మీ ఆయన మేనమామ కోడి పట్టుకుని వచ్చి ఎవరి ముందు కూర్చున్నాడు?

నీ కాగితంలో ఆ మనిషికి గీత లేదు. నేను నవంబరులోనే అడిగాను, సంతకం ఎవరిదని. అప్పుడైనా నీకు తడుతుందనుకున్నాను. అంతకంటే నేనెలా చెప్పను? మా పిల్లను అడగండని మేనమామే వెళ్ళి ఎదుటివాళ్ళ గుమ్మం తొక్కుతాడా?

ఆ సంతకాలతో పాపం ఆ అల్లుళ్ళ పని అయిపోయింది. చేపల రేవులో జైలోసిని పట్టుకుని ఒకటే ఆటపట్టించారు. “ఏరా జైలోసీ, లోనెసి మీ ఇంటి పిల్లయిపోయిందంట కదా, ఎప్పుడు మోసుకుపోతున్నావ్?” అని ఒకడు. “ఆ చేత్తోనే మా మేకని కూడా రాయించుకో, సంతకం నీదేగా!” అని ఇంకొకడు. అతను వారం భరించి, వలలు బాగుచేసుకోవాలని చెప్పి వాళ్ళమ్మ దగ్గరికి పోయాడు. ఫలెసి నా మీద అలిగింది. నీకూ నా మీద కోపం. మీ ఇద్దర్నీ ఈ చేతుల మీద పెంచాను.

నాకు కోపం లేదు, కష్టం వేసింది. మామయ్యను నువ్వు ఇక మామయ్యగా లెక్కచేయడం లేదనుకున్నాను.

సలతియేల్


బ్లాంటైర్
ఫిబ్రవరి 6

మామయ్యా,

తప్పయింది. తప్పయింది, తప్పయింది. ఎన్నిసార్లు రాసినా చాలదు. ఆ రక్తం పీల్చేవాళ్ళ మాటకైతే మీ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుకోవాలి.

మీ ఉత్తరం ల్యాబులో అందరి ముందూ పైకి చదివాను. సగంలో కాగితం గ్రేసియన్ చేతికిచ్చాను, మిగతాది వాడు చదివాడు. అంతా విన్నాక తదాలా “అయ్యో, మా మామయ్యను అడక్కుండా నేను జడ కూడా కత్తిరించుకోను” అంది. మా ఆరుగురిలో ఐదుగురిదీ ఇదే సంప్రదాయం, మామయ్యా! ఆ కాగితం మేమే తయారుచేశాం, పదకొండుసార్లు దిద్దాం. తెల్లకోటు తొడుక్కోగానే మేం ఎవరి పిల్లలమో మాకే గుర్తులేకుండా పోయింది. బయటి కాగితాలు చూసి రాయడం అలవాటైపోయింది, అంతే. వాళ్ళు మమ్మల్ని అలా రాయమని కూడా అనలేదు. ఆ తప్పు అచ్చంగా మాదే.

మిమ్మల్ని దూరం పెట్టింది మీరు పరాయివాళ్ళని కాదు. మరీ సొంతవాళ్ళు కాబట్టి. ఆ సంగతి మీకు అర్థమయ్యేలా రాయలేదు.

ఎథిక్స్ కమిటీ పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయనది దోవా జిల్లా, అక్కడా మన పద్ధతే. కాగితం చూసి నుదురు కొట్టుకున్నాడు. “దీని మీద సంతకం పెట్టింది నేనే కదమ్మా! మా అక్క పిల్లలు పదకొండు మందికి జవాబుదారీ నేను! నాకెందుకు తట్టలేదు?” అన్నాడు. నాలుగు రోజుల్లో కొత్త కాగితానికి అనుమతి ఇచ్చారు. ఇప్పుడు మూడు గీతలు. తండ్రి, తల్లి, మేనమామ. ముగ్గురిలో ఎవరు వద్దన్నా వద్దే. మీ గురించీ అడిగాను. మీ సొంత ఇంటి పిల్లలకు మీరు జవాబు చెప్పొచ్చు, ఇతరుల పిల్లల గురించి మాత్రం ఇంతకు ముందులాగే మౌనం.

ఇంకో చిక్కు ఉంది, నవ్వకండి. అడగడానికి వచ్చేటప్పుడు కోడి తేవడం మన పద్ధతి. కమిటీ మాత్రం పరిశోధన తరఫున ఎవరికీ ఏమీ ఇవ్వకూడదంటోంది. ఇస్తే లంచమవుతుందట. గంటసేపు వాదించాను. “కోడి పిల్ల?” అని కూడా అడిగాను. కుదరదన్నారు.

నా తరఫున మాట్లాడటానికి గ్రేసియన్‌ను మధ్యవర్తిగా పెట్టుకుంటాను. వాళ్ళ ఊళ్ళోనూ మేనమామలదే పెత్తనం, వాడికి మర్యాదలు తెలుసు. వట్టి చేతులతో వచ్చి అడగొచ్చా, మామయ్యా? వద్దంటే వద్దనే రాయండి. కానీ తొందరగా రాయండి, ఇరవై రెండు రోజులే ఉన్నాయి.

మీ ఎసినతి


చిపెండ
ఫిబ్రవరి 11

ఎసినతి తల్లికి,

ఈ ఉత్తరం మీ కారు డ్రైవరును ఆపి, అతనికి మొక్కజొన్న న్సీమా ముద్ద పెట్టి, తిన్నంతసేపట్లో రాస్తున్నాను.

నీ ఉత్తరం మన ఊరి మేనమామలందరికీ చదివి వినిపించాను. నువ్వు తప్పు ఒప్పుకున్న చోట కాస్త గట్టిగా చదివాను. కోడి దగ్గరికి వచ్చేసరికి పెద్ద రభస అయింది.

“కోడి లేకుండా నోరెలా తెరుస్తారు?” అన్నాడు ఎనోకు.

“లంచం కిందికి వస్తుందంట.”

“ఒక్క కోడికి పిల్లనిచ్చేస్తామా? మరీ అంత చులకనగా ఉన్నామా?”

“రెండైతే?” అన్నాడు వెనకనుంచి ఒకడు. వాణ్ణి బయటికి పంపించాం.

పొద్దు వాలేదాకా మాట్లాడి తేల్చాం. మీరు మాకు ఇవ్వకూడదు కాబట్టి మేమే మీకు పెడతాం. మా కోడి, మా వంట. తినకూడదని ఏ కమిటీ అయినా రాసి ఉంటే ఆ కాగితం కూడా పట్టుకురా, చూస్తాం.

మావి రెండు మాటలున్నాయి. ఒకటి, రక్తంలో ఏం కనబడిందో ఆ సంగతి మా ఊరికి తిరిగి రావాలి. ఆ ఇంటి గుమ్మంలో, పిల్ల పెద్దల ముందు చెప్పాలి. రెండు, వద్దన్న వాడిని మళ్ళీ అడగకూడదు. కొందరు వద్దంటారు, ఇప్పుడే చెబుతున్నాను. మొహం చిన్నబుచ్చుకోకు.

జైలోసికి కబురు పంపాను, వచ్చాడు. ఫలెసి తలుపు తీయడానికి కాసేపు బెట్టు చేసింది, తర్వాత తీసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక రా. నాకు నిన్ను చూడాలని ఉంది. డ్రైవరు చేతులు కడుక్కుంటున్నాడు, ఆపేస్తున్నాను.

మామయ్య


బ్లాంటైర్
మార్చి 4

మామయ్యా,

రెండువందల ఆరు! ముందు ఆ అంకె చదవండి, తర్వాత మిగతాది.

ఆదివారం మీ ముందు నేల మీద కూర్చుని, గ్రేసియన్ నా తరఫున మాట్లాడుతుంటే, నాకు చెమటలు పట్టాయి. డిగ్రీ పరీక్షకు కూడా అంత భయపడలేదు. మీరు ఏడు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నారు, నేను లెక్కపెట్టాను. అంతసేపు అవసరమా? తర్వాత “మా పిల్లను మమ్మల్ని అడిగారు. ఇస్తాం” అన్నారు. నేను ఏడ్చిన సంగతి మీరు చూడలేదనుకుంటున్నాను. చూసినా చూడనట్టు ఉన్నందుకు చాలా సంతోషం. ఆ మర్నాటినుంచి ఆరు ఊళ్ళలోనూ గ్రేసియన్ మేనమామల గుమ్మాలు పట్టుకు తిరిగాడు. నివేదికలో నేను ఇలా రాశాను: “సమావేశంలో రెండు కోళ్ళు. ఇచ్చినవారు గ్రామస్థులు. పరిశోధకులు తిన్నారు.” కమిటీ దాని కింద గీత గీసింది గానీ ఏమీ అనలేదు.

పరీక్షించడానికి వచ్చినావిడ రెండు రోజులున్నారు. నవ్వని మనిషి. కాగితాల కట్టలు ఒక్కొక్కటే తిప్పారు. మూడో గీత చూసి ఇదేమిటని అడిగారు, చెప్పాను. ఆగి, “వద్దన్న కాగితాలేవి?” అన్నారు. పదకొండున్నాయి. మేనమామలు వద్దన్న పదకొండు కాగితాలూ తీసి ముందు పెట్టాను. వాటిని మిగతావాటికంటే ఎక్కువసేపు చూశారు. “నేను వెళ్ళిన చోట్ల అందరూ అన్నిటికీ ఒప్పుకున్నట్టే ఉంటుంది. అప్పుడు నాకు అనుమానం వస్తుంది. ఇక్కడ వద్దనే వీలుంది, వద్దన్నవాళ్ళున్నారు. మిగతావాళ్ళు నిజంగానే ఒప్పుకున్నారని నమ్ముతాను” అన్నారు. ల్యాబు ఉంటుంది, మామయ్యా! ఐదేళ్ళకు రాసిచ్చారు. తదాలా టైపు మిషన్ జోలికి పోనక్కర్లేదు. వద్దన్న ఆ పదకొండు మందికి నా దండాలు చెప్పండి.

ఇంతకంటే ముందు రాయాల్సింది ఆఖర్న రాస్తున్నాను. నిన్న ఆవిడ ఎదురుగానే తదాలా మొన్న ఊళ్ళనుంచి వచ్చిన స్లైడు చూస్తూ “నూట ఎనభై మూడులో నిండా ఉన్నాయక్కా” అంది. అంటే మలేరియా పురుగులు. మా దగ్గర పేర్లుండవు, నంబర్లే. పుస్తకం తెరిచి చూస్తే లోనెసి కపలముల. ఒంట్లో జ్వరం ఇంకా తెలియకపోయినా రక్తం అలా ఉందంటే ఏ గంటలోనైనా కమ్ముకొస్తుంది. వెంటనే ఆరోగ్య కేంద్రానికి వైర్‌లెస్ రేడియోలో చెప్పించాను. “అందింది” అన్న ఒక్క మాట వినబడింది. తర్వాత వానకు రేడియో మూగబోయింది. ఇవాళంతా ప్రయత్నిస్తూనే ఉన్నాను.

ఇక్కడందరూ పాటలు పాడుతున్నారు. నేను వాళ్ళతో నవ్వలేకపోతున్నాను. కారు ఉదయాన్నే బయల్దేరుతోంది. జవాబు అదే కారులో పంపండి. పిల్ల ఎలా ఉందో ఒక్క ముక్క చాలు.

ఎసినతి


చిపెండ
మార్చి 5

ఎసినతీ,

బాగుంది. బాగుంది, తల్లీ. ఇప్పుడే నా కళ్ళజోడు లాక్కుని పరుగెత్తింది, వెనకాల ఫలెసి తిడుతూ పరుగెత్తుతోంది. ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు.

మొన్న మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ సైకిలు మీద మనిషిని పంపింది. వాడు వానలో తడిసి ముద్దయి వచ్చి, నేరుగా నా అరుగు ముందు నిలబడి, “ఈ ఇంటి పిల్ల రక్తంలో మలేరియా ఉంది, వెంటనే తీసుకురమ్మన్నారు” అన్నాడు. ఫలెసి నవ్వింది. “నా పిల్లా? పొద్దున్నుంచీ బాతుల్ని తరుముతోంది చూడండి” అంది. నేను నవ్వలేదు. బయల్దేరమన్నాను. వాళ్ళు పిల్లను తుడిచి, గుడ్డలు సర్దుకునేలోపే దాని ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. కళ్ళు పైకి తిరిగాయి.

ఫలెసి కేక పెట్టింది. నేను లేవబోయాను, మోకాలు నన్ను లేవనివ్వలేదు. జైలోసి పిల్లను ఆడవాళ్ళు చుట్టుకునే చితెంజె గుడ్డతో రొమ్ముకు కట్టుకుని, ఆ వచ్చినవాడి సైకిలే లాక్కుని పోయాడు. పన్నెండు కిలోమీటర్ల బురద. వంతెన మీద నీళ్ళు పారుతుంటే సైకిలు అక్కడే పారేసి నడుంలోతు నీళ్ళలో పిల్లను నెత్తికెత్తుకుని దాటాడట. అక్కడ నర్సమ్మ సూదిమందు కొలిచి సిద్ధంగా పెట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఇంకో గంట ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదని ఆవిడ చెప్పింది. ఈ రోజు పొద్దున ఇంటికి తెచ్చారు. దిగీ దిగగానే ఎనోకును తిట్టింది. ఎనోకు ఏడ్చాడు.

వాళ్ళు వచ్చేటప్పటికి మేనమామలందరం అరుగు మీదే ఉన్నాం. మీ కారు డ్రైవరు అప్పుడే వచ్చి లెక్క రెండువందల ఆరని చెప్పాడు. ఇక మావాళ్ళకు పట్టపగ్గాలు లేవు. “మూడో గీత ఏమిటి, మనది మొదటి గీత చేయమని రాయి” అని ఒకడు. “అసలు తండ్రి గీత ఎందుకు, కొట్టేయించు. అల్లుళ్ళ సంతకంతో ఏం పని?” అని ఇంకొకడు. అందరూ ఔనంటే ఔనన్నారు. నన్ను రాయమన్నారు, కాగితం కూడా వాళ్ళే తెచ్చారు.

జైలోసి మెట్టు మీద కూర్చుని కాళ్ళ బురద గీక్కుంటున్నాడు. తల ఎత్తలేదు. మడమ చీలి రక్తం కారుతోంది, అదీ చూసుకోలేదు.

“గీత ఉంటుంది. మొదట్లోనే ఉంటుంది. ఈ ఇంటి పిల్లకు నేను పెద్దనే. కానీ మొన్న దాన్ని మోసింది నేను కాదు” అన్నాను.

ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే కర్ర తీసేవాడినే.

అందుకని తల్లీ, మీ కాగితం అలాగే ఉంచండి. జైలోసి చేతికి చల్లటి తోబ్వా ఇచ్చి నా పక్కన అరుగు మీద కూర్చోబెట్టుకున్నాను. మీ అత్తయ్య మడమకు కట్టు కడుతోంది. లోనెసి బతికింది. ఇక ఎవరి సంతకం పైనున్నా, ఎవరిది కిందున్నా నాకు ఒక్కటే.

మామయ్య